పళ్ళను చూసి తిండిని చెప్పగలమా?

మనిషి శాకాహారా, మాంసాహారా అన్న వాదన ఎక్కడ మొదలైనా చివరికి పళ్ళ దగ్గరికే వస్తుంది. ఒకరు కోరపళ్ళు చూపించి, ఇవి మాంసం చీల్చడానికి కాకపోతే మరెందుకు అంటారు. ఇంకొకరు దవడ పళ్ళు చూపించి, ఇంత చదునుగా ఉన్నవి గింజలు నూరడానికే అంటారు. మాటలు వేరైనా ఇద్దరి నమ్మకం ఒకటే: పన్ను ఆకారం తెలిస్తే తిండి తెలిసిపోతుందని. శిలాజాలను చదివేవాళ్ళు కూడా చాలాకాలం ఇలాగే నమ్మారు, ఆ నమ్మకమే వాళ్ళను పెద్ద పెద్ద పొరపాట్లలోకి దింపింది. పన్ను ఆకారం ఒక సంగతి చెబుతుంది. దాని మీది గీతలు, దానిలోని రసాయనాలు ఇంకో సంగతి చెబుతాయి. అది కూర్చున్న దవడ చెప్పే సంగతి మరొకటి. వీటిని కలగాపులగం చేయకుండా చూస్తేనే మన నోటి చరిత్ర అర్థమవుతుంది.

కోరపళ్ళ సంగతి సులువు కాబట్టి ముందు అది తేల్చేద్దాం. ఇథియోపియా కొండల మీద గెలడా అనే కోతులు బతుకుతాయి. రోజులో చాలా భాగం కూర్చుని గడ్డి పీక్కుని తినడమే వాటి పని. అయినా మగ గెలడా నోరు తెరిచిందంటే చూసేవాడు బెదిరిపోయేంత కోరలుంటాయి. ఆకులు, కాడలు, పండ్లు తినే మగ గొరిల్లాకూ అంతే. కోతిజాతుల్లో కోరల పొడవు ప్రధానంగా మగవాటి మధ్య పోటీకి సంబంధించినది, తిండికి కాదు. చింపాంజీలో అయితే నోరు మూసినప్పుడల్లా పై కోర కింది పన్నుకు రాసుకుని దానంతటదే పదునెక్కుతుంది. మన వంశంలో ఈ సానపట్టే ఏర్పాటు చాలా ముందే పోయింది. ఇథియోపియాలోనే దొరికిన 44 లక్షల ఏళ్ళ నాటి ఆర్డిపిథెకస్ రామిడస్ అనే జాతిలో మగవాటి కోరలు కూడా చిన్నవే. మనకు తెలిసిన అతి పాత రాతి పనిముట్లు అంతకన్నా దాదాపు 11 లక్షల ఏళ్ళ తర్వాతివి. కాబట్టి మన కోరపళ్ళు మాంసానికి సాక్ష్యం కావు. చిన్నగా ఉన్నాయి కదా అని శాకాహారానికీ సాక్ష్యం కావు. మగవాళ్ళు ఒకరినొకరు పళ్ళతో బెదిరించుకోవడం తగ్గిందన్న దానికి మాత్రం సాక్ష్యం కావచ్చు.

దవడ పళ్ళ కథ ఇంత తేలిక కాదు. 1959 జులై 17న టాంజానియాలోని ఓల్డువాయ్ లోయలో మేరీ లీకీకి ఒక పుర్రె కనిపించింది. వయసు సుమారు 17.5 లక్షల ఏళ్ళు. దవడ పళ్ళు మన పళ్ళకన్నా చాలా పెద్దవి, వాటి మీద చాలా మందమైన ఎనామిల్ (పన్ను మీది గట్టి పొర). నమిలే కండరాలు అతుక్కోవడానికి నడినెత్తిన ఎముక గట్టులా లేచి ఉంది. ఇంత సరంజామా ఉన్నవాడు గట్టి గింజలు, పెంకు కాయలే పగలగొట్టుకుని తిని ఉంటాడని అందరూ అనుకున్నారు. 'నట్ క్రాకర్ మ్యాన్' అన్న ముద్దుపేరు స్థిరపడిపోయింది. శాస్త్రీయంగా ఇప్పుడు ఆ జాతిని పారాంత్రోపస్ బాయిసీ అంటారు.

2008లో పీటర్ ఉంగర్ బృందం ఈ జాతి పళ్ళ పైభాగాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి చూసింది. గట్టి వస్తువును కొరికితే ఎనామిల్ మీద చిన్న చిన్న గుంటలు పడతాయి. పీచును అటూ ఇటూ రాసి నమిలితే సన్నటి గీతలు పడతాయి. పన్ను వాడుతున్నకొద్దీ పాత గుర్తులు చెరిగిపోయి కొత్తవి పడతాయి కాబట్టి, చనిపోయే ముందు కొద్దికాలం ఏం తిన్నారో వీటిలో కనిపిస్తుంది. గింజలు పగలగొట్టిన పళ్ళలో ఉండాల్సిన గుంటలు వీటిలో కనిపించలేదు. సన్నటి గీతలే ఉన్నాయి.

ఆ తర్వాత రసాయనం మాట్లాడింది. ఇది మన పొలాలతో ముడిపడ్డ విషయం కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. మొక్కలు గాలిలోని కార్బన్‌ను పట్టుకోవడానికి రెండు ముఖ్యమైన పద్ధతులున్నాయి. చెట్లు, పొదలు, పండ్లు, కాయలు, వరి, గోధుమ ఒక పద్ధతి. వాటిని సీ3 మొక్కలంటారు. ఎండ దేశాల గడ్డి చాలావరకు రెండోది, సీ4. మన జొన్న, సజ్జ, రాగి, కొర్ర, మొక్కజొన్న, చెరకు అన్నీ సీ4 మొక్కలే. రెండు రకాల మొక్కల్లో బరువైన కార్బన్, తేలికైన కార్బన్ పాళ్ళు వేరు. తిన్న జీవి ఎనామిల్‌లో ఆ తేడా అలాగే నిలిచిపోతుంది. చిన్నప్పటి నుంచి జొన్నరొట్టె, సంకటి తిని పెరిగినవాడి పన్నునూ, వరి అన్నం తిని పెరిగినవాడి పన్నునూ ఈ పద్ధతిలో వేరు చేయవచ్చు.

ఎనామిల్‌కు ఇంత జ్ఞాపకం ఎందుకంటే, అది ఒకసారి తయారైతే శరీరం మళ్ళీ దాన్ని ముట్టుకోలేదు. ఎముక జీవితాంతం కరిగి కొత్తగా కట్టుకుంటూ ఉంటుంది. ఎనామిల్‌లో జీవకణాలు ఉండవు, బరువులో దాదాపు 96 శాతం ఖనిజమే. పాల పళ్ళలో, మొదటి దవడ పన్నులో పుట్టిన రోజు గుర్తుగా ఒక గీత కూడా ఉంటుంది, మైక్రోస్కోపులో కనిపిస్తుంది. దీనికి తెలుగువాళ్ళకు వేరే ఉదాహరణ అక్కర్లేదు. నల్లగొండ, ప్రకాశం జిల్లాల్లో నీళ్ళలోని ఫ్లోరైడ్ వల్ల పళ్ళ మీద పడ్డ గోధుమ రంగు మరకలు చూశాం కదా. పన్ను చిగురు కింద తయారవుతున్న ఏళ్ళలో తాగిన నీటి ఫలితం అది. పళ్ళన్నీ వచ్చాక ఆ ఊరికి కాపురానికి వెళ్ళినవాళ్ళకు ఎముకల జబ్బు రావచ్చు గానీ పళ్ళమీద ఆ మరకలు రావు. ఆ మరకలున్న మనిషి ఎంత దూరం వలస వెళ్ళినా, ఏ ఫిల్టర్ నీళ్ళు తాగినా, బాల్యం ఎక్కడ గడిచిందో పన్ను చెబుతూనే ఉంటుంది.

ఇదే జ్ఞాపకాన్ని 2011లో కెన్యాలో దొరికిన బాయిసీ పళ్ళలో చదివారు. ఆహారంలో సగటున 77 శాతం దాకా సీ4 మొక్కల నుంచే వచ్చిందని తేలింది. అంటే గడ్డి, తుంగ లాంటివి. గట్టి కాయలు పగలగొట్టే వీరుడనుకున్న జీవి ఎక్కువగా ఆవులా మేసిందన్నమాట. మరి అంత పెద్ద పళ్ళెందుకు? కొన్ని జీవుల్లో పళ్ళు ఇష్టమైన తిండికి కాక, కరువు రోజుల్లో తప్పనిసరై తినే తిండికి తగ్గట్టు తయారవుతాయి. గొరిల్లా పళ్ళు పీచు ఆకులు కోయడానికి అనువుగా ఉంటాయి, పండు దొరికితే మాత్రం పండే తింటుంది. బాయిసీ విషయంలో ఇంకో మార్గమూ ఉంది: గడ్డిని గంటల తరబడి నూరాలంటే పళ్ళకు విస్తీర్ణం, అరుగుదలకు తట్టుకునే మందం రెండూ కావాలి. ఏ కారణమైనా, ఆకారం చెప్పేది ఈ పళ్ళతో ఏం తినగలరన్నది మాత్రమే. ఏం తిన్నారన్నది వేరే చోట వెతకాలి.

పళ్ళ ఆకారాన్ని నమ్మి మోసపోయిన ఇంకో కథ మన దేశంలోనే జరిగింది. 1932లో హిమాచల్ ప్రదేశ్‌లోని హరితల్యాంగర్ దగ్గర ఎడ్వర్డ్ లూయిస్ అనే పరిశోధక విద్యార్థికి ఒక పై దవడ ముక్క దొరికింది. దానికి రామాపిథెకస్ అని పేరు పెట్టారు. కోర చిన్నది, ఎనామిల్ మందం, మనిషి పళ్ళలాగే ఉన్నాయి కాబట్టి మనిషి వంశానికి మొదటివాడు ఇతనేనని 1960లలో ఎల్విన్ సైమన్స్, డేవిడ్ పిల్బీమ్ గట్టిగా వాదించారు. చాలా పాఠ్యపుస్తకాల్లోకి అది ఎక్కింది. పోటీ పరీక్షలకు ఆంత్రోపాలజీ చదివినవాళ్ళకు ఈ పేరు బాగా తెలుసు. తర్వాత పాకిస్తాన్‌లో అదే వంశానికి చెందిన శివాపిథెకస్ ముఖం మొత్తం దొరికింది. 1982లో దాన్ని వివరించింది పిల్బీమే. ఆ ముఖం మనిషిది కాదు, ఒరంగుటాన్ బంధువుది. మందమైన ఎనామిల్ రెండు వంశాల్లో విడివిడిగా రాగలదని అప్పుడు అర్థమైంది. తన వాదనను తానే వదులుకున్న పిల్బీమ్ మీద నాకు చాలా గౌరవం.

సరే, మన సొంత వంశంలో ఏం జరిగింది? 32 లక్షల ఏళ్ళ నాటి లూసీ అనే ప్రసిద్ధ శిలాజం జాతిలో దవడ పళ్ళు పెద్దవి, లోపలికి పోయేకొద్దీ ఇంకా పెద్దవవుతాయి. మనకు సాధారణంగా తలకిందులు, మొదటి దవడ పన్ను పెద్దది, చివరిది చిన్నది. ఈ తగ్గుదల మన పూర్వీకుల జాతి హోమో ఎరెక్టస్ కాలానికే, అంటే 19 లక్షల ఏళ్ళ కింద నుంచే స్పష్టంగా కనిపిస్తుంది. అదే సమయంలో శరీరం, మెదడు పెరిగాయి. పెద్ద శరీరానికి ఎక్కువ తిండి కావాలి, ఎక్కువ తిండికి పెద్ద పళ్ళు కావాలి కదా. మరి చిన్న పళ్ళతో ఎలా నెగ్గుకొచ్చారు?

హార్వర్డ్‌లో కేథరిన్ జింక్, డేనియల్ లీబర్‌మాన్ ఈ ప్రశ్నకు జవాబు వెతికారు. మనుషుల ముఖానికి ఎలక్ట్రోడ్లు అతికించి పచ్చి మేకమాంసం, దుంపలు నమిలించారు. కోయకుండా ఇచ్చిన పచ్చి మాంసం ఎంత నమిలినా ముక్కలు కాలేదు, సాగుతూ అదే ముద్దగా నోట్లో తిరిగింది. మన దవడ పళ్ళకు మాంసాన్ని కత్తిరించే అంచు లేదు, ఈ విషయంలో కుక్క మనకన్నా ఎంతో నయం. అదే మాంసాన్ని చిన్న ముక్కలు కోసి ఇస్తే నమిలి మింగగలిగారు. దుంపలను రాతితో దంచితే నమిలే శ్రమ తగ్గింది. ఆహారంలో మూడో వంతు మాంసం ఉండి, దాన్ని కోసుకుని, దుంపలు దంచుకుని తింటే నమలడం 17 శాతం, పెట్టాల్సిన బలం 26 శాతం తగ్గుతాయని 2016లో లెక్క తేల్చారు. పొయ్యి అక్కర్లేదు, ఉడికించనక్కర్లేదు. ఒక పదునైన రాయి, ఒక గుండ్రాయి చాలు.

పళ్ళ పనిలో మొదటి వాటా చేతులు తీసుకున్నాయి. నిప్పు తర్వాత వచ్చింది. ఎరెక్టస్ కాలంలోనే వంట మొదలైందని రిచర్డ్ రాంగమ్ వాదన. కానీ అంత వెనక్కి పొయ్యిల ఆనవాళ్ళు గట్టిగా లేవు. దక్షిణాఫ్రికాలోని వండర్‌వర్క్ గుహలో నిప్పు ఆధారాలు 10 లక్షల ఏళ్ళ నాటివి. ఇజ్రాయెల్‌లోని గెషెర్ బెనోత్ యాకోవ్ దగ్గర 7.8 లక్షల ఏళ్ళ కిందట చేపలు వండుకున్నారని చెప్పడానికి పనికొచ్చినవి కూడా పళ్ళే. మన రోహు, బొచ్చె చేపల దూరపు బంధువుల పళ్ళ ఎనామిల్‌లో మెల్లటి సెగ గుర్తులు మిగిలాయి. నాకు అర్థమైనంతలో రాయి ముందు, పొయ్యి తర్వాత అన్న క్రమమే ఆధారాలకు దగ్గరగా ఉంది. రెండూ కలిసిన ఫలితం ఈ రోజు మన టైంటేబుల్‌లోనే ఉంది. మనంత శరీరం ఉన్న వానర జాతి జీవి మెలకువగా ఉన్న సమయంలో 48 శాతం తిండికే పెట్టాల్సి వస్తుందని, మనిషి 5 శాతం కూడా పెట్టడని 2011లో ఒక అధ్యయనం లెక్కకట్టింది. మిగిలిన ఆ గంటలన్నీ వేటకు, పనికి, కబుర్లకు, పిల్లలకు దొరికాయి.

ఇక్కడ ఒక అపోహ తొలగాలి. వాడకపోవడం వల్ల పళ్ళు చిన్నవి కాలేదు. తాత నమలకపోతే మనవడి పన్ను కుదించుకుపోదు. ఒకప్పుడు చిన్న పళ్ళతో పుట్టిన బిడ్డ సరిగా నమలలేక బక్కచిక్కిపోయేది. దంచి, కోసి, ఉడికించి పెట్టే చోట ఆ బిడ్డ కూడా బతికింది, తన పిల్లలకు ఆ పళ్ళను ఇచ్చింది. పెద్ద పళ్ళ మీద ఉన్న ఒత్తిడి సడలింది, అంతే.

లక్షల ఏళ్ళ ఈ నెమ్మది కథకు గత 10,000 ఏళ్ళలో జరిగినది పూర్తిగా వేరు. వ్యవసాయం తెచ్చిన మొదటి బాధ పిప్పిపన్ను. పాత సమాజాల పళ్ళను పోల్చి 1979లో క్రిస్టీ టర్నర్ చెప్పిన లెక్క ప్రకారం వేటాడి, ఏరుకుని తినేవాళ్ళలో పుచ్చిన పళ్ళు సగటున 1.7 శాతం, మిశ్రమ జీవనంలో 4.8, వ్యవసాయదారుల్లో 8.6 శాతం. నోటిలోని బ్యాక్టీరియా పిండి, చక్కెర పదార్థాలను పులియబెట్టి ఆమ్లం చేస్తుంది, ఆ ఆమ్లం ఎనామిల్‌ను కరిగిస్తుంది. లాలాజలం మళ్ళీ ఖనిజాన్ని పూడ్చే ప్రయత్నం చేస్తుంది. అందుకే ఎంత తిన్నామన్నదానికన్నా ఎన్నిసార్లు తిన్నామన్నది ముఖ్యం. భోజనం చేసి ఊరుకున్న నోటికి కోలుకునే టైం దొరుకుతుంది. గంటగంటకూ చక్కెర టీ, బిస్కెట్ పడే నోటికి దొరకదు.

అయితే వ్యవసాయం వస్తే పళ్ళు పుచ్చుతాయన్నది సూత్రం కాదు. మొరాకోలోని టఫొరాల్ట్ గుహలో 15,000 నుంచి 13,700 ఏళ్ళ కిందట బతికినవాళ్ళు పంట పండించినవాళ్ళు కాదు. అయినా పెద్దవాళ్ళ పళ్ళలో సగానికి పైగా పుచ్చిపోయి ఉన్నాయి, 52 మందిలో 49 మందికి పిప్పిపళ్ళు. వాళ్ళు సేకరించి దాచుకుని తిన్న ఓక్ కాయలే కారణం. నిండా పిండి పదార్థం, పళ్ళకు అంటుకుపోయే గుణం. దీనికి ఎదురు ఉదాహరణ థాయిలాండ్. అక్కడి పురాతన వరి రైతుల ఎముకలను పరిశీలించినవాళ్ళకు వరి సాగు పెరిగినకొద్దీ పుచ్చు పెరిగిన జాడ కనిపించలేదు. అన్నం తినే మనకు ఇది ముఖ్యమైన విషయం. తప్పు 'ధాన్యం' అనే మొత్తం జాతిది కాదు. ఏ గింజ, దాన్ని ఎంత మెత్తగా చేశారు, పంటికి ఎంతసేపు అంటుకుంటుంది అన్నది అసలు లెక్క. చక్కెర చవకయ్యాక ఈ లెక్కలన్నీ కొట్టుకుపోయాయి. 1874లో బ్రిటన్ చక్కెర మీద సుంకం ఎత్తేసింది, మరల్లో పట్టిన తెల్ల పిండీ ఆ కాలంలోనే వచ్చింది, పుచ్చుపళ్ళు విపరీతంగా పెరిగాయి. పాత పళ్ళకు పట్టిన గారలోని డీఎన్ఏను 2013లో చదివితే నోటి బ్యాక్టీరియా జాతుల్లో పెద్ద మార్పులు రెండుసార్లు కనిపించాయి: వ్యవసాయం వచ్చినప్పుడు, యంత్ర పరిశ్రమ వచ్చినప్పుడు.

పంటి నొప్పిలాగే దానికి వైద్యమూ చాలా పాతదే. బలూచిస్తాన్‌లోని మెహర్‌గఢ్ బార్లీ, గోధుమ పండించిన తొలి ఊళ్ళలో ఒకటి. అక్కడ 9,000 నుంచి 7,500 ఏళ్ళ కిందటి సమాధుల్లో 9 మంది నోళ్ళలో డ్రిల్లు పెట్టి రంధ్రాలు చేసిన 11 పళ్ళు దొరికాయి. అన్నీ దవడ పళ్ళే, నవ్వితే కనిపించనివి, కాబట్టి అలంకారం కాదు. రంధ్రాల అంచులు నున్నగా అరిగాయంటే, ఆ మనిషి తర్వాత కూడా ఆ పంటితో నమిలాడు. పూసలకు తూట్లు పొడిచే చెకుముకి రాయి మొనను విల్లు తాడుతో తిప్పితే నిమిషం లోపే అలాంటి రంధ్రం పడుతుందని పరిశోధకులు చేసి చూశారు. మత్తు లేకుండా నోరు తెరిచి కూర్చున్న ఆ మనిషి ఓర్పును, చేయి వణకకుండా పట్టుకున్న ఆ పూసల పనివాడి నేర్పును తలుచుకుంటే ఆశ్చర్యం కలుగుతుంది.

ఇక దవడ. ఇప్పుడు పిల్లలకు క్లిప్పులు పెట్టించే ప్రతి ఇంటికీ సంబంధించినది ఇదే. పన్ను పరిమాణం ప్రధానంగా జన్యువులు నిర్ణయిస్తాయి, ఎముకలో ఉండగానే ఆకారం పూర్తవుతుంది, బయటికి వచ్చాక పెరగదు. దవడ అలా కాదు. బాల్యంలో దాని మీద పడే బలాన్ని బట్టి పెరుగుతుంది. కొలతలు రెండు చోట్ల తీసి కుట్టిన చొక్కా లాంటిది మన నోరు. పళ్ళు పాత తిండి కొలతకు, దవడ కొత్త తిండి కొలతకు. హైరాక్స్ అనే చిన్న జంతువులను పెంచి, కొన్నిటికి ఉడికించిన మెత్తటి తిండి, కొన్నిటికి పచ్చి, ఎండు తిండి పెట్టి లీబర్‌మాన్ బృందం 2004లో చూపించింది: మెత్తటిది తిన్నవాటి ముఖంలో కింది, వెనక భాగాలు సుమారు 10 శాతం తక్కువ పెరిగాయి. మనుషుల్లో, రాబర్ట్ కొరుచినీ 1980లలో చండీగఢ్ ప్రాంతపు పట్నం, పల్లె యువకులను పోల్చాడు. ఒకే ప్రాంతపు జనం. గట్టి తిండి తినే పల్లెవాళ్ళ పళ్ళలో అరుగుదల ఎక్కువ, వంకర తక్కువ. వంశంలో వచ్చే ఎత్తుపళ్ళు ఉండవని కాదు. కానీ ఒక తరం తేడాలో ఇన్ని నోళ్ళు ఇరుకవడాన్ని జన్యువులు వివరించలేవు. ఉడికిన కూరగాయల గుజ్జు, పాలల్లో నానిన బిస్కెట్, మెత్తటి ఇడ్లీ తప్ప వేరే ఎరగని పసివాడి దవడకు పెరగమని చెప్పే పని ఎవరూ చేయడం లేదు. జామకాయ, క్యారెట్, వేయించిన శనగలు, చెరకు ముక్క వయసుకు తగ్గట్టు పిల్లలకు ఇవ్వడం మంచిదని నేను గట్టిగా నమ్ముతాను. పెద్దయ్యాక ఎంత నమిలినా ఆ ఎముక మళ్ళీ పెరగదు.

అరుగుదల వల్ల ఇంకో లాభం కూడా ఉండేది. గట్టి తిండి తిన్న పాత మనుషుల పళ్ళు పైన మాత్రమే కాదు, పక్కపక్కన కూడా ఒకదానికొకటి రాసుకుని అరిగేవి, వరసంతా ముందుకు జరిగేది, వెనక చోటు ఏర్పడేది. ఆస్ట్రేలియా ఆదిమవాసుల పళ్ళను చూసి డాక్టర్ బెగ్ 1954లో ఈ సంగతి వివరించాడు. ముందు పళ్ళు కూడా అంచుకు అంచు తగిలేవి. ఇప్పటిలా పై వరస కింది వరస మీదికి రావడం పెద్దవాళ్ళలో అరుదు. పై పన్ను కింది పెదవిని తాకి పలికే ఎఫ్, వి లాంటి శబ్దాలు వ్యవసాయం తర్వాతే బాగా వ్యాపించాయని 2019లో డామియన్ బ్లాసీ బృందం వాదించింది. ఈ వాదనతో ఏకీభవించని భాషావేత్తలూ ఉన్నారు.

జ్ఞానదంతాల బాధ ఈ దవడ కథకు కొనసాగింపే. 17 నుంచి 25 ఏళ్ళ మధ్య వచ్చే ఆ పన్నుకు చోటు లేక ఎముకలోనే ఇరుక్కుపోవడం ప్రపంచవ్యాప్తంగా సుమారు 24 శాతం మందిలో ఉంది. ఇంకో 22 శాతం మందికి కనీసం ఒక జ్ఞానదంతం అసలు తయారే కాదు. వాళ్ళను చూసి, మనిషి ఇప్పుడు మారుతున్నాడు, మెత్తటి తిండి వల్ల ఆ పళ్ళు పోతున్నాయి అంటుంటారు. కానీ చైనాలోని లాంటియన్ దగ్గర 1963లో ఒక హోమో ఎరెక్టస్ కింది దవడ దొరికింది. వయసు 6 లక్షల ఏళ్ళకు పైనే. దానిలో రెండు వైపులా జ్ఞానదంతాలు పుట్టుకతోనే లేవు.